చర్మకారుని ఇంట అతిథి

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 9:36–43, 10:1–28



పేతురు యొప్పే పట్టణములో చాల దినములు ఎవరి ఇంట బసచేసెనని ఒక ఆదివారము సాయంకాల కూటములో మేము అడిగితిమి. పిల్లలు కొందరు కొర్నేలీ అనిరి. ఒక వృద్ధురాలు, "సీమోను ఇంట్లో కదా అయ్యగారూ" అనెను. ఆ సీమోను ఏ పని చేయువాడని మరల అడిగినప్పుడు ఎవరును నోరు తెరువలేదు. తెలియక కాదు. ఆ వృద్ధురాలికి ఆ అధ్యాయమంతయు కంఠస్థమే. సీమోను చర్మకారుడు. ఆ మాటను గుడిలో పైకి పలుకుటకు మనవారికి సిగ్గు కలిగెను.

ఆ సిగ్గును గూర్చియే ఈ నెల మీతో కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ఇందుకు కారణమొకటి కలదు. మా సంఘములో ఒక యౌవనస్థుడు ఉన్నాడు. ఇంటరు వరకు చదివెను. మన గుమ్మఘట్ట ప్రాంతపు సంగతి మీకు తెలిసినదే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వానతో బ్రతుకు మెట్ట సీమ ఇది. వేదవతి ఏటిమీద భైరవానితిప్ప ఆనకట్ట ఉన్నను, అది నిండుగా కనబడిన ఏండ్లు కొన్నియే. వేరుశనగ ఎండిపోయిన ఏట ఆ యౌవనస్థుడు తలిదండ్రులతో బెంగళూరునకు పోయి కట్టడపు పని చేసి తిరిగి వచ్చెను. చిన్ననాటినుండి అతని చేతిలో బొమ్మ గీయు నేర్పు ఉన్నది. క్రిస్మసుకు మా గుడి గోడమీద నక్షత్రమును, గొఱ్ఱెల కాపరులను గీసినది అతడే. ఒకనాడు మాయొద్దకు వచ్చి, "ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోయి తోలుబొమ్మల పని నేర్చుకోవాలని ఉంది అయ్యగారూ. మా నాయనకు మీరే చెప్పాల" అని కోరెను. మేము సంతోషముగా ఒప్పుకొని ఆ రాత్రియే వారి ఇంటికి పోతిమి.

తండ్రి మా సంఘ పెద్దలలో ఒకడు. మెల్లని మనిషి. మా మాట వినగానే అతని ముఖము మారిపోయెను.

"అయ్యగారూ, ఆ తోలు వదిలించుకునేదానికి మాకు రెండు తరాలు పట్టింది. మా నాయన చేతుల వాసన నాకు ఇంకా మరుపు రాలేదు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు మీరే వచ్చి నా కొడుకును మళ్ళీ తోలు ముందర కూర్చోబెట్టమంటారా?"

పనిలో సిగ్గేమున్నదను మాట మా నాలుక చివరకు వచ్చెను. దానిని మింగితిమి. మేము ఉపాధ్యాయుని కుమారులము. సెమినరీ బల్లమీద కూర్చుండి పుస్తకములు చదివినవారము. తోలు మోయనివారము తోలు మోసినవానికి పని గౌరవమును బోధించుట సులువు. సులువైన మాట ఎల్లప్పుడు న్యాయమైన మాట కాదు. ప్రార్థన చేసి ఇంటికి వచ్చితిమి.

కొన్ని దినములైన తరువాత, చూచి వత్తమని తండ్రి అనుమతితోనే ఆ యౌవనస్థుని వెంటబెట్టుకొని నిమ్మలకుంటకు పోతిమి. రాయదుర్గము, కల్యాణదుర్గము, ధర్మవరము మీదుగా బస్సులు మారవలసివచ్చెను. 2022లో జిల్లాలు వేరుపడినప్పటినుండి అది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అంతకు మునుపు మన అనంతపురము జిల్లా గ్రామమే.

అక్కడి పని ఇట్టిది. మేక తోలును నానబెట్టి, వెండ్రుకలను, క్రొవ్వును గీకివేసి, లాగి కట్టి ఎండబెట్టుదురు. చెప్పుల తోలువలె దానిని తంగేడు చెక్కలో నానవేసి పదును చేయరు గనుక అది వెలుగును చొరనిచ్చును. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో సన్నని రంధ్రములు పొడిచి, రెండు వైపుల రంగులు వేయుదురు. భుజము, మోచేయి, నడుము వేరువేరుగా కోసి దారముతో ముడివేసినందున ఆడించినప్పుడు అవి కదలును. తెల్లని తెర వెనుక దీపము పెట్టి బొమ్మను తెరకు ఆనించినయెడల, ఆ రంధ్రములగుండ వచ్చు వెలుగు నగలవలె మెరయును. మనిషంత ఎత్తు బొమ్మలును కలవు.

పూర్వము ఈ కళాకారులు ఊరూరు తిరిగి రామాయణ భారత కథలను రాత్రంతయు ఆడించెడివారు. నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి జనులను నవ్వించి నిద్రమత్తు వదలించెడివారు. వాన రాని ఏట విరాటపర్వము ఆడించినయెడల వాన కురియునని నమ్మి ఊరివారు వారిని పిలిపించుకొనెడివారు. సినిమా వచ్చెను, తరువాత టెలివిజను వచ్చెను. తెర ముందు కూర్చుండువారు తగ్గిరి. అప్పుడు ఆ చేతులే, ఆ ఉలులతోనే, దీపములకు తొడుగు లాంపుషేడ్లను, గోడకు తగిలించు పటములను చేయ మొదలుపెట్టెను. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలాటకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చెను. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించెను. ఆకలిని ఓర్చుకొని చేతి విద్యను విడువక మోసినవారికి ఆ గౌరవము దక్కుట న్యాయమే. దానిని చూచి మనము అసూయపడము.

అయితే తిరిగి వచ్చు బస్సులో మాకొక ఆలోచన కలిగి నెమ్మది లేకపోయెను. అది మేక తోలు. పైరు ఎండిపోయినను మన సీమలో మేక బ్రతుకును గనుక, ఆ తోలు ఇక్కడ ఎప్పుడును ఉన్నది. మన పల్లెలలో అదే తోలు మన పెద్దల చేతిలో ఉన్నప్పుడు దానిని అంటు అనిరి. దాని వాసన గడప దాటరాదనిరి. ఇప్పుడు అదే తోలు రంగులు పూసుకొని, లోపల దీపము పెట్టుకొని, పట్టణములో ధనవంతుని ముందరి గదిలో వ్రేలాడుచున్నది. అతిథులు వచ్చి అందముగా ఉన్నదనుచున్నారు. తోలు పవిత్రమైనది ఎప్పుడు? అపవిత్రమైనది ఎప్పుడు? తోలులో భేదము లేదు. భేదము మనుష్యులు చేతులను చూచిన చూపులో ఉన్నది.

మన పెద్దల పనిని గూర్చి పిల్లలకు చెప్పవలసినది మరియొకటి ఉన్నది. కరెంటు మోటార్లు రాకమునుపు మన సీమలో పొలము బావులనుండి కపిలతో నీళ్ళు తోడిరి. ఎద్దులు ఏటవాలు దారిని దిగుచుండగా తాడు లాగబడి, తోలుతో కుట్టిన పెద్ద తిత్తి నీళ్ళు నింపుకొని పైకి వచ్చును. ఆ తిత్తిని కుట్టినది మన తాతలు. అది చిరిగినయెడల వేళగాని వేళ పిలుపు వచ్చును. కోత ముగిసిన తరువాత కళ్ళములో మేరగా కొలిచిన గింజలే కూలి. వారి కుట్టువలన ఊరి పొలము తడిసెను. అయితే కుట్టినవాడు ఊరి మంచినీళ్ళ బావిని ముట్టరాదు. అతని తిత్తి నీళ్ళలోనికి దిగవచ్చును. అతని చేయి దిగరాదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. చట్టము మారిన దినముననే చూపు మారలేదని మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇది తలంచినప్పుడు ఆ తండ్రి కోపము తోలుమీద కాదని మాకు తెలిసెను. పుట్టుకనుబట్టి పనిని మెడకు కట్టి, ఆ పనినిబట్టి మనిషిని గడప బయట నిలిపిన కాడిమీద అతనికి కోపము.

ఇక ప్రశ్న యేమనగా: పెద్దల చేతిపనిని మనము కాపాడవలెనా, విడువవలెనా? చేతిపనులు నశించిపోవుచున్నవి, వాటిని పిల్లలకు నేర్పవలెనని కొందరు సభలలో చెప్పుదురు. వారి పిల్లలను ఆ పనికి పంపుదురా అని అడిగిన, ఊరకుందురు. మరికొందరు, అదంతయు దాస్యపు గుర్తు, పేరెత్తకుండ మరచిపోవలెనందురు. వారు దాస్యముతోకూడ తాతల నేర్పును సహితము పాతిపెట్టుచున్నారు. లేఖనము ఈ రెండు దారులలో దేనిలోనికిని మనలను నడిపించుట లేదని మాకు తోచుచున్నది.

ఆదికాండము 3:21 తీసి చూడుడి. పాపము చేసి సిగ్గుతో దాగిన ఆదామునకును అతని భార్యకును చర్మపు వస్త్రములు చేసి తొడిగించినది ఎవరు? దేవుడైన యెహోవాయే. మనుష్యుని సిగ్గును కప్పుటకు తోలుపని మొదట చేసినవాడు ఆయన. నిర్గమకాండము 26:14లో ప్రత్యక్షపు గుడారమునకు పైకప్పుగా ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ళ తోళ్ళు ఉండవలెనని ఆయన ఆజ్ఞాపించెను. 35వ అధ్యాయములో స్త్రీలు మేకల వెండ్రుకలను వడికిరి. ఆ అధ్యాయమే బెసలేలు దేవుని ఆత్మతో నింపబడెనని చెప్పుచున్నది. ప్రసంగము చేయుటకు కాదు. చెక్కుటకు, పొదుగుటకు, విచిత్రమైన పనులు కల్పించుటకు. అతనికిని అహోలీయాబునకును ఇతరులకు నేర్పు బుద్ధియు ఇయ్యబడెను. కాబట్టి చేతి నేర్పు ఆత్మ వరమని చెప్పుటకు మనము జంకనక్కరలేదు.

అయితే చేతి నేర్పు తనంతట తానే పరిశుద్ధము కాదు. గుడారమునకు బంగారమిచ్చిన జనమే అంతకు ముందు 32వ అధ్యాయములో దూడకును బంగారమిచ్చెను. ఎఫెసులో దేమేత్రి మంచి పనివాడే. అతని లాభము అతనిని సత్యమునకు విరోధిని చేసెను. ఇందునుబట్టి మా సంఘములో ఒకరు, "ఆ పిల్లోడు రాముణ్ణి, హనుమంతుణ్ణి గీయాల్సి వస్తే?" అని అడిగిరి. మంచి ప్రశ్న. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయమును అతనితో కలిసి చదివితిమి. అతని మనస్సాక్షికి అడ్డుగానున్నది అతడు చేయనక్కరలేదు. చెట్లు, నెమళ్ళు, జింకలు గల దీపములకును కొనువారున్నారు. కాని పొరుగువారు తరతరములుగా భుజములమీద మోసిన కథను అపహసించుటకు మాత్రము అతనికి సెలవు లేదని చెప్పితిమి. వారియొద్ద విద్య నేర్చుకొన్నవాడు వారియెడల కృతజ్ఞుడై యుండవలెను.

ఇప్పుడు యొప్పేకు తిరిగి వత్తము. చచ్చిన పశువు కళేబరమును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని లేవీయకాండము 11వ అధ్యాయము. తోళ్ళు దినదినము ముట్టుటయే పనిగా గలవానిని యూదులు ఎట్లు చూచియుందురో ఊహింపుడి. అతని ఇల్లు సముద్రపు దరిని ఉండెను. అట్టి ఇంట పేతురు ఒక పూట కాదు, అనేక దినములు ఉండెను. అక్కడ భుజించెను, అక్కడ పండుకొనెను. ఆ ఇంటి మిద్దెమీదనే ప్రార్థించుచుండగా, ఏ మనుష్యుడును నిషిద్ధుడని గాని అపవిత్రుడని గాని తాను చెప్పరాదను పాఠము అతనికి వచ్చెను. కొర్నేలీ పంపిన మనుష్యులు వచ్చి నిలిచినది ఆ చర్మకారుని వాకిటనే. సువార్త అన్యజనులయొద్దకు పోయిన దారి ఒక తోలు పనివాని గడప మీదుగా పోయెను. మన పెద్దల ఇండ్లకు అది వచ్చిన దారియు అదే.

ఇంకొకటి గమనింపుడి. సీమోను చేసిన తోలు ఎంత నాణ్యమైనదో లేఖనము చెప్పలేదు. అతడు ఆ పని మానవలెనని పేతురు ఆజ్ఞాపించినట్లును చెప్పలేదు. అతని ఇంట అపొస్తలుడు అతిథిగా నుండెనని మాత్రము చెప్పుచున్నది. లోకము వస్తువును మెచ్చుకొని చేసినవానిని వాకిట నిలుపును. దేవుని సేవకుడు చేసినవాని ఇంట కూర్చుండెను. చేతిపనికి గౌరవమన్నది ఎక్కడ మొదలగునని ఎవరైన అడిగినయెడల, ఇక్కడ మొదలగునని మేము చెప్పుదుము.

డప్పును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. మన పెద్దలు ప్రభువును నమ్మినప్పుడు చాలచోట్ల డప్పును విడిచిరి. కారణము లేకపోలేదు. చావునకైనను జాతరకైనను పిలిచినప్పుడెల్ల పోయి వాయింపవలసిన వెట్టి అది. అదే డప్పు నేడు సభలలో ఆత్మగౌరవపు ధ్వనిగా మ్రోగుచున్నది. మన రాష్ట్రములో ప్రభుత్వ పింఛను పొందువారి వరుసలో డప్పు కళాకారులును సాంప్రదాయ చర్మకారులును ఉన్నారు. ఎఱ్ఱ సముద్రము దాటిన దినమున మిర్యాము చేత పట్టినదియు తోలు బిగించిన వాయిద్యమే. వాయిద్యము మారలేదు. కాడి క్రింద వాయించుట వేరు, విడుదల పొంది వాయించుట వేరు. పనియు అంతే. పుట్టుక బలవంతము చేసినప్పుడు అది కాడి. ఇష్టపడి నేర్చుకొని తగిన వెల పొందినప్పుడు అది వరము. తోలుపని చేయనని చెప్పు స్వాతంత్ర్యము ఆ తండ్రికి ఉన్నది. చేయుదునని చెప్పు స్వాతంత్ర్యము ఆ కుమారునికి ఉన్నది. ఈ రెండును క్రీస్తు ఇచ్చినవే.

వెలను గూర్చి ఒక మాట. ఒక పట్టణములో చేతిపనుల అంగడిలో ఒకడు తోలు దీపము బేరమాడుట చూచితిమి. అంతకు ముందే హోటలులో అతడు బిల్లు అడిగినంత కట్టి వచ్చెను. ఇక్కడ మాత్రము సగమునకు అడిగెను. ఎన్ని దినముల పని అని ఒక్కమారైనను అడుగలేదు. అతనిని నిందింపబోయి మేము ఊరకుంటిమి. ఏలయనగా గంప అల్లిన అవ్వయొద్దను, కంబళి నేసిన ముసలాయనయొద్దను మేమును అట్లే బేరమాడినవారము. కోసినవారి కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు 5:4లో ఉన్నది. అల్లినవారి కూలియు, నేసినవారి కూలియు మొఱ్ఱపెట్టదా?

నిమ్మలకుంటనుండి వచ్చిన తరువాత మరల ఆ తండ్రియొద్దకు పోతిమి. ఈసారి కొడుకును పంపుమని అడుగలేదు. "మీ నాయన ఏమేమి చేసేవాడు, మాకు చెప్పు" అని అడిగితిమి. చాలసేపు అతడు మాటలాడలేదు. పిమ్మట అటకమీదినుండి ఒక గుడ్డమూట దించెను. అందులో ఒక ఆరె, పిడి అరిగిన తోలు కోయు కత్తి ఉండెను. "పారేద్దామని ఎన్నోసార్లు అనుకున్నా. చేతులు రాలేదు" అనెను. కొడుకు ఆ కత్తిని చేతిలోనికి తీసికొనెను. తన జేజినాయన పనిముట్టును అతడు మొదటిసారి చూచుట అదే.

లేచి వచ్చునప్పుడు తండ్రి మాతో, "పోతే పోనీలే. నాకు ఒకటి మాత్రం చెప్పండి అయ్యగారూ. వీడు చేసిన దీపం కొనుక్కునేవాళ్ళు వీణ్ణి ఇంట్లో కూర్చోబెడతారా?" అని అడిగెను.

పట్టణములోనివారి జవాబు మాకు తెలియదు. మన జవాబు మాత్రము మనమియ్యవలసియున్నది. దుఃఖముతో ఒప్పుకొనవలసినదేమనగా, ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనువారిలోనే, ఒక వాడవారు ఇంకొక వాడవారి ఇంట నీళ్ళు త్రాగుటకు వెనుకాడుట మేము కన్నులార చూచితిమి. ఊరివారు మనలను గడప బయట నిలిపిరని చెప్పుకొను మనము, మన గడప బయట ఎవరిని నిలిపితిమి? పట్టణపు ధనవంతుని ప్రశ్నించుటకు ముందు మన గడపను చూచుకొనవలెను.

ఈ సంవత్సరము కోతపండుగకు ధాన్యముతోపాటు చేతిపనులను కూడ తెండి. గంపయైనను, చీపురైనను, కంబళియైనను, చెప్పుల జతయైనను తీసికొనిరండి. చేసినవారే వాటిని ముందరికి తెచ్చి, తమ పేరు, తమకు నేర్పినవారి పేరు చెప్పవలెను. వేలములో ఎవరును తక్కువకు అడుగవద్దు. ఆరాధన ముగిసిన తరువాత ప్రతి కుటుంబము వేరొక వాడలోని ఒక కుటుంబపు ఇంటికి పోయి, వారు పెట్టినది భుజించి రావలెను. పేతురు అనేక దినములు చేసినదానిని మనము ఒక్క పూటయైన చేయలేమా?

ప్రభువా, చర్మపు వస్త్రము చేసి మా సిగ్గును కప్పిన దేవా, నీవు కప్పిన సిగ్గును మేము ఒకరిమీద ఒకరము మరల విప్పకుండ మమ్మును కాపాడుము. మా పిల్లల చేతులకు నేర్పును, మా కన్నులకు న్యాయమైన చూపును, మా గడపలకు వెడల్పును దయచేయుము. ఆమేన్.